ఇందాకటి ఫోల్డర్‌కి ఒక్క అడ్డగీత

ప్రశ్న: లినక్స్ టెర్మినల్‌లో ‘సీడీ’ పక్కన ఖాళీ వదిలి అడ్డగీత కొడితే ఇందాకటి డైరెక్టరీలోకి వెళ్లిపోతోంది. పాత చోటు కంప్యూటర్‌కి ఎలా గుర్తుంటోంది? కొత్త విండోలో అదే కొడితే ఎర్రర్ ఎందుకు?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: గుర్తుపెట్టుకునేది షెల్. కెర్నల్‌కి ఒక ప్రాసెస్ ప్రస్తుతం ఏ డైరెక్టరీలో ఉందో తెలుసు, అంతే. ఇంతకుముందు ఎక్కడుందన్నది దానికి పట్టదు.

అందుకే బ్యాష్ లాంటి షెల్ రెండు వేరియబుల్స్ పెట్టుకుంటుంది. ‘పీడబ్ల్యూడీ’లో ఇప్పుడున్న చోటు, ‘ఓల్డ్‌పీడబ్ల్యూడీ’లో వదిలి వచ్చిన చోటు. ‘/వర్/లాగ్’లో ఉన్న మనిషి ‘/ఈటీసీ’కి మారితే, మొదటి పేరు రెండో వేరియబుల్‌లోకి జరుగుతుంది. అడ్డగీత కొట్టగానే షెల్ ‘/వర్/లాగ్’కి తిరిగి వచ్చి, ఆ పేరును తెర మీద అచ్చు వేసి చూపిస్తుంది. ఈలోగా రెండు వేరియబుల్స్ తారుమారయ్యాయి కాబట్టి, మళ్లీ కొడితే మళ్లీ ‘/ఈటీసీ’నే. టీవీ రిమోట్‌లో పాత ఛానెల్‌కి తిప్పే మీట చేసేదీ ఇదే. వేళ్లు తొందరపడి ఉత్త ‘సీడీ’ కొట్టి హోమ్ డైరెక్టరీలో తేలినవాళ్లకి ఈ అడ్డగీత ప్రాణం లేచొచ్చినంత పని చేస్తుంది.

కొత్త విండోలో షెల్ ఇంకా ఎక్కడికీ కదల్లేదు. రెండో వేరియబుల్‌లో ఏమీ లేదు. బ్యాష్ ‘ఓల్డ్‌పీడబ్ల్యూడీ నాట్ సెట్’ అంటుంది. పాత విండోలోనే ‘బ్యాష్’ అని కొట్టి మరో షెల్ తెరిస్తే మాత్రం, తల్లి షెల్ నుంచి ఆ విలువ పిల్లకి అందుతుంది.

ఈ సదుపాయం కొత్తదేం కాదు. 1980ల్లో బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ కార్న్ రాసిన షెల్‌లోనే ఉంది. ఇప్పుడు గిట్‌లోనూ ‘చెకౌట్’ పక్కన అడ్డగీత పెడితే ఇందాకటి బ్రాంచి వస్తుంది.

ప్రశ్న: మూడు నాలుగు చోట్లు వెనక్కి వెళ్లాలంటే?
– అదే ఉత్తరంలో

జవాబు: అడ్డగీత చాలదు, దానికి ఒక్క చోటే గుర్తు. ‘పుష్‌డీ’తో వెళితే వదిలిన చోట్లు పళ్లేల దొంతరలా పేరుకుంటాయి. ‘పాప్‌డీ’ కొట్టిన కొద్దీ పైనుంచి ఒక్కొక్కటే దిగుతాయి. దొంతరలో ఏముందో ‘డర్స్’ చూపిస్తుంది. బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్ నుంచి బ్యాష్‌కి వచ్చిన వాడుక ఇది.

ఒక్క మెలిక ఉంది. షెల్ దాచుకునేది పేరు మాత్రమే, చీటీ మీద చిరునామాలాగా. కెర్నల్ పట్టుకుని ఉండేది అసలు డైరెక్టరీని. ‘నోట్స్’ అనే ఫోల్డర్‌లో కూర్చుని ఉండగా మరో విండోలో దాని పేరు ‘పాతనోట్స్’ అని మార్చినా, లోపలున్నవాళ్ల పని ఆగదు. బయటికి వచ్చి అడ్డగీత కొడితే మాత్రం షెల్ పాత పేరుతోనే వెతికి, అలాంటి డైరెక్టరీ లేదంటుంది.