కాయలు కోయు యంత్రమునకు ఎన్ని కన్నులు కావలెను?

కాయలు కోయు రోబో యంత్రములనుగూర్చి పత్రికలలో తఱచుగా వార్తలు వచ్చుచున్నవి. కూలి దొరకక కోత ఆలస్యమై నష్టపడిన రైతులకు ఈ వార్తలు ఆశ గొల్పుట సహజమే. అట్టి యంత్రమును సంఘము పక్షమున కొనవచ్చునా యను ప్రశ్న నేడో రేపో మన సభలలో రాకమానదు. కావున ఆ యంత్రము కాయను ఎట్లు చూచునో, ఎచ్చట పొరపడునో ముందుగా తెలిసికొనుట యుక్తము. దాని తక్కిన భాగముల జోలికి పోక, చూపునుగూర్చి మాత్రమే యిచ్చట వ్రాయుచున్నాము.

చదువరులు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఒక కన్ను మూసికొని, ఎదుట నొకరు నిలువుగ పట్టుకొన్న పుల్ల కొనను మీ చేతిలోని పుల్లకొనతో ప్రక్కనుండి తాక యత్నింపుడు. మీ పుల్ల ముందుకో వెనుకకో పోవును. రెండవ కన్ను తెఱచినచో సులభముగ తాకును. వస్తువు ఏ దిక్కున నున్నదో ఒంటికన్ను చెప్పగలదు గాని, ఎంత దూరమున నున్నదో నిశ్చయముగ చెప్పజాలదు. కెమేరా సంగతియు నిట్టిదే. దగ్గఱనున్న చిన్నకాయయు దూరముననున్న పెద్దకాయయు ఒక్క చిత్రములో సమానముగనే కనబడును.

రెండు చోట్లనుండి చూచి దూరమును లెక్కగట్టు విధానము మన దేశమునకు క్రొత్తది కాదు. 1802 లో విలియం లాంబ్టన్ మదరాసునకు సమీపమున పరంగిమలయొద్ద ఒక సరళరేఖను గొలుసుతో కొలిపించి, దాని కొనలనుండి దూరపు గుఱుతులను చూచి, కోణములనుబట్టి వాని దూరములను గణించెను. తరువాతి త్రికోణ సర్వే యంతయు ఆ పద్ధతిపైననే నడచినది. రోబో చేయు లెక్కయు నదియే. కొలిచిన సరళరేఖకు మాఱుగా దానికి రెండు కెమేరాల నడిమి యెడము ఆధారము.

కెమేరా తీయు చిత్రమనగా వరుసలుగ పేర్చిన సన్నని చుక్కల సమూహము. రెండు కెమేరాలు 10 సెంటీమీటర్ల యెడముగ నున్నవనుకొందము. మీటరు దూరమునందలి కాయ రెండు చిత్రములలో కనబడు స్థానములకు 100 చుక్కల తేడా వచ్చునట్టి కెమేరాలైనచో, 2 మీటర్ల దూరమునందలి కాయకు 50 చుక్కల తేడాయే వచ్చును. ఆ తేడాను గుర్తించుటలో ఒక్క చుక్క తప్పినచో మీటరు దూరమున సుమారు 1 సెంటీమీటరును, 2 మీటర్ల దూరమున సుమారు 4 సెంటీమీటర్లును పొరపాటు కలుగును. 4 సెంటీమీటర్లనగా కత్తి తొడిమను విడిచి కాయనో కొమ్మనో కోయుటయే.

దూరము తెలిసినంతమాత్రమున పని తీఱదు. ఆకుచాటు కాయ మాట యేమి? మిరపచేలో కాయ కోయు స్త్రీ నడుము వంచి, తల ప్రక్కకు త్రిప్పి, ఎడమచేత ఆకు తొలగించి చూచును. ఒక కాయకు ఆమె యెన్ని చూపులు చూచుచున్నదో మన మెన్నడును గణింపలేదు. కూలి లెక్కలో అది చేరదు గదా! యంత్రమునకు ఆ చూపులన్నియు విడివిడిగా అమర్పవలసియున్నది. ఎదుటి కెమేరాకు ఆకు అడ్డమైనచో ప్రక్కదానికో క్రిందిదానికో కాయ కనబడవచ్చును. మఱియు, ఆకులన్నియు నొకే పోలిక నుండుటచే, ఎడమచిత్రములోని యాకు కుడిచిత్రములో ఏదియో యంత్రము పొరపడును. అట్టిచోట మూడవ చిత్రము సాక్షివలె నుపయోగపడును.

అన్ని కెమేరాలు కొననక్కఱలేదు, ఒక్కదానినే కదల్పవచ్చును. అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు హాన్స్ మోరవెక్ నడపిన బండికి అట్టి యేర్పాటే యుండెను. అది మీటరు దూరము పోయి ఆగి, కెమేరాను పట్టాపై ప్రక్కకు జరుపుచు తొమ్మిది చిత్రములు తీసికొని, పది పదునైదు నిమిషములు లెక్కలు వేసి, మరల కదలెడిది. 1979 లో కుర్చీలు నిండిన గదిని మనిషి సాయము లేక సుమారు 5 గంటలలో దాటినది. ఆరుబయట మాత్రము చిక్కుపడెను. లెక్కలు ముగియులోపల ఎండ నీడలు కదలిపోయెడివి. నేటి గణనయంత్రములకు అంత ఆలస్యము లేదు గాని, గాలికి ఊగు కొమ్మ నేటికిని అట్టి తంటాయే. ఒక చూపునకును మఱియొక చూపునకును నడుమ కాయ కదలినచో రెండు చిత్రములు కలియవు.

ఇంకొక ముఖ్యవిషయము. కెమేరాలు ఒకదానికొకటి యెచ్చటనున్నవో, కోయు చేతి కెంత దూరమున నున్నవో యంత్రమునకు ఖచ్చితముగ తెలిసియుండవలెను. ఇందులకై నలుపు తెలుపు గడుల పలకను పలుభంగుల చూపి కొలత సరిచేయుదురు. ఆ తరువాత బండి గట్టుపై కుదుపునకు లోనై కెమేరా అర డిగ్రీ తిరిగినను, మీటరు దూరమున సుమారు 9 మిల్లీమీటర్లు తప్పును. యంత్రము ఆగదు, కేక వేయదు. తప్పుచోట కోయుచు పోవును.

ఐరోపా సమాఖ్య ధనసహాయముతో స్వీపర్ అను కాప్సికం కోత యంత్రమును నిర్మించిరి. దాని కెమేరా కోయు చేతిపైననే యుండును. ఒక వ్యాపారపు గాజుతోటలో నాలుగు వారములు, 262 కాయలపై జరిపిన పరీక్షల ఫలితములు 2020 లో ప్రకటింపబడినవి. కాయ యొకటింటికి సగటున 24 సెకనులు పట్టెను. మామూలుగ పెంచిన మొక్కలయందు నూటికి 18 కాయలు మాత్రమే కోయగలిగెను. అడ్డమైన యాకులు తీసి, గుత్తులు పలుచన చేసిన మొక్కలయందు నూటికి 61 కోసెను. యంత్రము అదే, కాయ జాతియు అదే! విఫలతయంతయు చూపువలననే యనరాదు గాని, ఆకు తీయుటకైన కూలిని యంత్రపు ఖర్చులో చేర్పక లాభము చెప్పువారి లెక్కను మేము ఒప్పుకొనజాలము.

యంత్రము నమ్మువారు ప్రదర్శనకు వచ్చినచో, వారు తెచ్చిన కుండీమొక్కలపై గాక మన చేలోనే, ఆకు తీయని వరుసలో, మధ్యాహ్నపుటెండలో కోయించి చూడవలెను. కోసిన కాయలనేగాక మొక్కపై మిగిలినవానినిగూడ లెక్కింపవలెను. కెమేరా కదలినప్పుడు కొలత సరిచేయు పని మన గ్రామమువారికి నేర్పుదురో, పట్టణమునుండి మనిషిని పంపుదురో, పంపినచో ఎన్నిదినములలో పంపుదురో ఒప్పందపత్రములో వ్రాయించుకొనవలెను.