అయస్కాంతం అంటుకుంటే మంచి స్టీలు కాదా?



స్టీలు సామాన్ల కొట్లో గిన్నె కొనేటప్పుడు కొందరు చిన్న అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకోకపోతే మంచి స్టీలనీ, అంటుకుంటే నాసిరకమనీ నమ్మకం. పక్కనే ఉన్న మీ పాప ఇలా అడగొచ్చు: "అమ్మా, ఇనుము, నికెల్ రెండూ అయస్కాంతానికి అంటుకుంటాయని మా పుస్తకంలో ఉంది. మంచి స్టీలులో ఆ రెండూ ఉంటాయిగా, మరి ఎందుకు అంటుకోదు?" మంచి ప్రశ్న. దయచేసి "తర్వాత చూద్దాం" అనకండి. జవాబు మీ వంటింట్లోనే ఉంది.

ముందు ఇది చేసి చూడండి

ఫ్రిజ్ మీద పెట్టే అయస్కాంతాన్ని దారానికి కట్టి వేలాడదీయండి. గిన్నె అడుగు, గిన్నె అంచు, చెంచా, కూరగాయల కత్తి, ఇండక్షన్ పాత్ర అడుగు, వీటిని ఒక్కొక్కటిగా దగ్గరకు తీసుకెళ్లండి. ఏది ఎంత లాగిందో పిల్లలచేత పట్టిక రాయించండి. చాలా ఇళ్లలో ఒక వింత కనబడుతుంది: గిన్నె అడుగు లాగదు, అదే గిన్నె మడత అంచు మాత్రం కాస్త లాగుతుంది!

ఎందుకిలా?

స్టెయిన్‌లెస్ స్టీలు ఒక మిశ్రమలోహం. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పలుచని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. పాత్రలకు వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ చేరడంతో లోపలి పరమాణువుల అమరిక మారిపోతుంది. ఆ కొత్త అమరికను అయస్కాంతం లాగలేదు. అంచును బలంగా వంచినప్పుడు అక్కడ కొంత భాగంలో అమరిక మళ్లీ మారుతుంది, అందుకే లాగుతుంది. లోహం అదే, పాళ్లూ అవే. మారింది లోపలి అమరిక మాత్రమే. దీన్నే శాస్త్రవేత్తలు సూక్ష్మనిర్మాణంలో మార్పు అంటారు.

మరి కొట్లో పరీక్ష?

దాన్ని పూర్తిగా నమ్మలేం. నికెల్ లేని 430 రకం అంటుకుంటుంది, అయినా అదీ స్టెయిన్‌లెస్ స్టీలే. ఇండక్షన్ పాత్రల అడుగున అలాంటి స్టీలే కావాలి. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకం అంటుకోదు, కానీ తుప్పును 304 అంతగా తట్టుకోదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అయస్కాంతానికి అంటుకునే రకమే. కాబట్టి కొనేటప్పుడు పాత్ర మీద గ్రేడు నంబరు చూడండి, బిల్లులో రాయించుకోండి.

జాగ్రత్త: ఈ ప్రయోగానికి పూసల్లాంటి చిన్న, బలమైన అయస్కాంతాలు వాడకండి. పిల్లలు వాటిని మింగితే పేగులకు చిల్లులు పడే ప్రమాదం ఉంది. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పుస్తకంలో చదివింది ఒకటి, కళ్ల ముందు కనబడింది మరొకటి అయినప్పుడు పిల్లలు ఆగి అడగాలి. ఆ పట్టికను సైన్స్ నోట్‌బుక్‌లో అతికించి క్లాసుకు పంపండి.