సర్దుకోవడం వేరు, సర్దుకుపోవడం వేరు

2022 మే 18, స్పెయిన్‌లోని సెవిల్లె. యూరోపా లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్. రెండో సగం మొదలై పావుగంట కూడా కాలేదు. జర్మన్ క్లబ్ ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ డిఫెండర్ తూతా కాలు పట్టుతప్పి పడిపోయాడు. దొరికిన బంతితో ప్రత్యర్థి జట్టు రేంజర్స్ ఆటగాడు అరీబో దూసుకెళ్లి గోల్ కొట్టేశాడు. తూతా ఇక ఆడలేడు. కోచ్ గ్లాస్నర్ బెంచీ మీది నుంచి లేపి పంపింది 38 ఏళ్ల మకోతో హసేబేని.

జట్టు ఒక గోల్ వెనకబడి ఉంది. వచ్చినవాడేమో గోల్స్ కొట్టే ఆటగాడు కాదు. రక్షణ వరుస మధ్యలో నిలబడ్డాడు. అదనపు సమయంతో కలిపి గంటకు పైగా ఆడాడు. రేంజర్స్‌కి మరో గోల్ దక్కలేదు. బోరే గోల్‌తో ఫ్రాంక్‌ఫర్ట్ స్కోరు సమం చేసి, పెనాల్టీల్లో 5-4తో గెలిచింది. 1980 తర్వాత ఆ క్లబ్‌కు అదే తొలి యూరప్ కప్పు.

ఆ వయసులో, అంత ఒత్తిడిలో, ఉన్నట్టుండి లోపలికి వెళ్లి తడబడకుండా ఆడటం ఆ రాత్రికి ఆ రాత్రి వచ్చిన విద్య కాదు. దాని వెనక పద్నాలుగేళ్ల జర్మనీ జీవితం ఉంది.

హసేబేది జపాన్‌లో షిజువోకా ప్రాంతంలోని ఫుజియెదా. ఉరావా రెడ్స్ క్లబ్‌తో 2007లో ఆసియా ఛాంపియన్ అయ్యాక, మరుసటి జనవరిలో, 24 ఏళ్లు నిండే నెలలో, జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ క్లబ్‌లో చేరాడు. ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు అది. కోచ్ మగాత్ సాధన అంటే జర్మనీ అంతటా హడలే. ఆటగాళ్లను పరుగెత్తించడానికి మైదానంలో ఒక మట్టిగుట్టనే పోయించాడాయన. 2009లో ఆ క్లబ్ జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లిగా గెలిచింది. వాళ్ల చరిత్రలో ఆ ఒక్కసారే.

కానీ హసేబేకి అక్కడ తన చోటు దొరకలేదు. మధ్యలో ఆడటం అతనికి ఇష్టం. కోచ్‌లు కుడివైపు నెట్టారు, ఒక్కోసారి కుడి డిఫెండర్‌గా దింపారు. 2011 సెప్టెంబర్‌లో హాఫెన్‌హైమ్‌తో మ్యాచ్‌లో గోల్‌కీపర్‌కి రెడ్ కార్డు పడింది. మార్చుకోవడానికి ఇంకెవరూ లేరు. చేతికి గ్లవుజులు తొడుక్కుని హసేబే గోల్ ముందు నిలబడ్డాడు. ఒక గోల్ పడింది, జట్టు ఓడింది. ఆ ఓటమిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. గ్లవుజులు తొడుక్కున్న మనిషే గుర్తున్నాడు.

మన ఇళ్లల్లో పిల్లలు విదేశానికి బయల్దేరేటప్పుడు పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటుంది: ‘సర్దుకుపోవాలి నాన్నా’. ప్రేమతో చెప్పే మాటే. అయినా అందులో ఒక ప్రమాదం ఉంది. సర్దుకుపోయేవాడు రోజుకింత చొప్పున తనను తాను వదిలేసుకుంటూ పోతాడు, చివరికి ఏం మిగిలిందో చూసుకోడు. హసేబే చేసింది అది కాదు. 2013లో, తనకిష్టమైన చోట ఆడాలని వోల్ఫ్స్‌బర్గ్ వదిలి న్యూరెంబర్గ్ వెళ్లాడు. మోకాలికి గాయమైంది, ఆ సీజన్ చివర జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. లెక్క చూస్తే నష్టమే. నాకు మాత్రం అది తప్పు నిర్ణయం అనిపించదు. తనకేం కావాలో ఒకసారి నోరు తెరిచి అడిగినవాడే, తర్వాత ఇంకొకరు అడిగింది చిన్నతనం అనుకోకుండా చేయగలడు.

2014లో ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చాడు. ముప్పై దాటాక, కాళ్లలో వేగం తగ్గే వయసులో, కోచ్ కొవాచ్ అతన్ని ముగ్గురు డిఫెండర్ల నడుమ చివరి మనిషిగా నిలబెట్టాడు. అక్కడ పరుగు కంటే ముందుచూపు ముఖ్యం. బంతి ఎక్కడికి రాబోతుందో రెండు క్షణాల ముందు తెలిస్తే చాలు. 2018లో బయర్న్ మ్యూనిక్‌ని 3-1తో ఓడించి జర్మన్ కప్ గెలిచిన జట్టులో అతనున్నాడు.

ఇంత మారుతున్నా మనిషి చెదరకపోవడానికి కారణం అతను 2011లో రాసిన పుస్తకంలో కనిపిస్తుంది. జపాన్‌లో పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైన పుస్తకం అది. రాయల్టీని ఆ ఏడాది సునామీ బాధితుల కోసం ఇచ్చేశాడు. దాని పేరు ‘కొకోరో వొ తోతోనోఎరు’. మనసును సర్దుకోవడం అని అర్థం. మనం కష్టం వస్తే గుండె దిటవు చేసుకోమంటాం, మనసు రాయి చేసుకోమంటాం. అతను వాడిన మాట గట్టిపడటానికి చెందింది కాదు, పొందికకు చెందింది. ఇల్లు సర్దుకున్నట్టు. ఇవాళ సర్దితే రేపటికి మళ్లీ చెదురుతుంది, మళ్లీ సర్దాలి.

అందుకు అతను పెట్టుకున్న అలవాటు చాలా చిన్నది. రోజు ముగిసేలోపు ఓ ముప్పై నిమిషాలు మనసును నెమ్మదిపరచడం. పడుకుని ఊరికే ఉండటం. నేనూ కొన్నాళ్లు చేసి చూశాను. నాలుగో నిమిషానికే పగలు ఎవరో అన్న మాట తిరిగొచ్చింది, దాని వెనకే నేను చెప్పని జవాబు. లేచి దీపం వేసేద్దామనిపించింది. వేయకుండా పడుకున్నాక, పదిహేనో నిమిషం దాటాకే ఆ మాట పదును తగ్గింది. అది విశ్రాంతి కాదని, పనేనని అప్పుడు తెలిసింది. ఆ పని రోజూ చేసినవాడు 2010 నుంచి వరుసగా మూడు ప్రపంచకప్‌లలో జపాన్ కెప్టెన్‌గా ఉన్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

2024 మేలో, నలభై ఏళ్ల వయసులో ఆట మానేసేనాటికి బుండెస్‌లిగాలో 384 మ్యాచ్‌లు పూర్తయ్యాయి. ఆసియా ఆటగాళ్లలో అంతకుముందు రికార్డు కొరియాకు చెందిన చా బుమ్-కున్‌ది, 308. ఆయనా ఒకప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఆడినవాడే.

ఆట మానేశాక హసేబే జపాన్ వెళ్లిపోలేదు. అదే క్లబ్‌లో అండర్-21 కుర్రాళ్ల దగ్గర కోచింగ్ పనిలో చేరాడు. అంతకు పదహారేళ్ల ముందు తాను కొత్తగా నేర్చుకున్న జర్మన్ భాషలోనే, ఎక్కడ నిలబడాలో వాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు.