అల్పశ్రమతో పలకరింపు - అందులోని మర్యాద

పలకరింపు మానవసంబంధాలకు తొలిమెట్టు. అయితే ప్రతి పలకరింపునకూ దీర్ఘసంభాషణ అవసరమా? కాదని మన పెద్దలు ఏనాడో గ్రహించారు. తెలుగు ఉత్తరాలలో 'ఉభయకుశలోపరి' అనే ఒక్క మాటతో ఇరుపక్షాల క్షేమసమాచారమూ ముగిసేది. 2013 జూలైలో నిలిచిపోయిన తంతి సేవలో పండుగలకూ, వివాహాలకూ శుభాకాంక్షల వాక్యాలు ముందుగానే సిద్ధపరచి, వాటికి అంకెలు కేటాయించారు. అంకె సూచిస్తే చాలును, వాక్యం అవతలివారికి అందేది. సెల్‌ఫోనులో మాటకు పైకం అధికమైన రోజులలో ఒక 'మిస్డ్ కాల్' క్షేమంగా చేరామని ఇంటివారికి తెలిపేది. వీటన్నిటిలోనూ శ్రమ స్వల్పమే. కాని ఆ శ్రమ ఒక నిర్దిష్టమైన వ్యక్తికోసం పడినది.

2009లో ఫేస్‌బుక్ 'లైక్' గుర్తును ప్రవేశపెట్టింది. 2022లో వాట్సాప్‌లోనూ సందేశానికి బొమ్మగుర్తుతో స్పందించే వీలు కలిగింది. సౌకర్యం పెరిగినకొలదీ విచక్షణ కూడ పెరగవలసి ఉన్నది.

ఇందుకు నా లోపాన్నే ఉదాహరిస్తాను. ఒక మిత్రుని తండ్రిగారు గతించిన వార్తను సహాధ్యాయుల వాట్సాప్ బృందంలో చదివి, చేతులు జోడించిన బొమ్మను నొక్కి ఊరకున్నాను. మెట్టుగూడలోని వారి ఇల్లు నాకు నడకదూరమే. కొన్నాళ్ళకు మెట్రో స్టేషను మెట్లవద్ద ఎదురైన మిత్రుడు, "నీ దండం చేరిందిరా. అమ్మనే, నువ్వెప్పుడొస్తవని అడుగుతున్నది" అన్నాడు. అందులో నిష్ఠురం లేదు. అందువల్లనే నేను మరింత సిగ్గుపడ్డాను. ఆ సాయంకాలమే వెళ్ళాను. ఆ తల్లి నన్ను కూర్చుండబెట్టి, ఆయన చివరి దినాలను గురించి గంటసేపు చెప్పింది. నేను విన్నాను. గుర్తు మన మాటను చేరవేయగలదు గాని, ఎదుటివారి మాటను వినలేదు. లోపమంతా అక్కడనే ఉన్నది.

కనుక విద్యార్థులు ఈ క్రింది విషయాలను గమనింతురు గాక.

1. పరీక్షలో ఉత్తీర్ణత, జన్మదినం వంటి సంతోషవార్తలకు గుర్తు చాలును. మరణానికీ, వ్యాధికీ చాలదు. దగ్గరివారైతే వెళ్ళవలెను, దూరాన ఉన్నవారితో ఫోనులోనైనా మాటాడవలెను.

2. పదిమందికీ ఒకేసారి పంపే పండుగ చిత్రానికి ముందు, వరుసతోనో పేరుతోనో ఒక పిలుపు చేర్చండి. అప్పుడది వారికోసం పంపినదగును.

3. ప్రతి ఉదయం పువ్వుల బొమ్మ పంపే వృద్ధులను పరిహసింపరాదు. 'నేను క్షేమం' అని చెప్పుటకు వారికది సులభమైన మార్గం కావచ్చును. సలాముకు జవాబు బాకీ అని మన ఇండ్లలో నేర్పుతారు. ఆ బొమ్మకూ అదే వర్తిస్తుంది.

4. చదివినట్లు నీలి గుర్తులు కనిపించినంతమాత్రాన, జవాబు రాలేదని నిందింపరాదు. అవతలివారి పరిస్థితి మనకు తెలియదు.

స్వల్పమైన పలకరింపు దోషం కాదు. అది తలుపు తట్టడం వంటిది. తలుపు తెరచినవారు మాటాడదలచినప్పుడు మనం అక్కడ నిలిచి ఉండవలెను.