చా-చా-చా నాట్యమున మొదటి అడుగు

పాటకు సరిగా అడుగు వేయుట కొందఱికి పుట్టుకతో వచ్చు విద్యయనియు, తక్కినవారికది పట్టుపడదనియు లోకమున ఒక తలంపు గలదు. ఈ తలంపుచే ఎందఱో బాలురును బాలికలును తోడివారు నవ్వుదురని వెఱచి, గోడప్రక్క నిలిచి చూచుటతోనే తృప్తి చెందుచున్నారు. వారి కొఱకే ఈ పాఠమును వ్రాయుచున్నాము. క్యూబా దేశపు జంటనాట్యమగు చా-చా-చా యందలి మూలమైన అడుగును ఇచ్చట వివరింతుము. అడుగు తడబడువారిని ఒకరు శ్రద్ధతో గమనించుటవలననే ఆ నాట్యము పుట్టినది.

క్యూబా రాజధానియగు హవానా నగరమున 1950 ప్రాంతమున దాన్సోన్ అను నాట్యసంగీతము ప్రజలకు ప్రియమై యుండెను. అందు మాంబో అను పద్ధతి చేరిన పిదప, పాటలోని ఊనికలు పెక్కులు తాళపు దెబ్బల నడుమ పడసాగెను. వినుటకది యింపుగానే యుండెను గాని సామాన్యజనుల పాదములు దానివెంట పోజాలక తడబడుచుండెను. వయొలిన్ వాద్యకారుడును స్వరకర్తయునగు ఎన్రీకె హొర్రీన్ (1926–1987) దీనిని గమనించి, ఊనికలు దెబ్బలపై స్పష్టముగా పడునట్లు తన పాటలనే సవరించెను. ఒర్కెస్తా అమెరికా యను వాద్యబృందము 1953లో వెలువరించిన ‘లా ఎంగన్యాదోరా’ యను ఆయన పాట ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చెను. నర్తకుల పాదములు నేలను రాయు చప్పుడే ‘చా-చా-చా’ యను పేరైనదని చెప్పుదురు.

ఇక పాఠమునకు వత్తము. ఆవర్తమునకు దెబ్బలు 4. వీనిని ‘రెండు, మూడు, చా, చా, చా’ యని లెక్కింపవలెను. మొదటి రెండు ‘చా’లును నాలుగవ దెబ్బను చెఱిసగముగా పంచుకొనును. కడపటి ‘చా’ తరువాతి ఆవర్తపు మొదటి దెబ్బపై పడును.

నడుపువారు పాదములను కొంచెము ఎడముగా నుంచి, శరీరభారమును కుడిపాదముపై నిలుపవలెను. ‘రెండు’ అనగానే ఎడమపాదమును ముందునకు వేసి, భారమును దానిపైకి తేవలెను. ‘మూడు’ అనగానే, ఉన్నచోటనే యున్న కుడిపాదముపైకి భారమును మరలింపవలెను. పిదప ‘చా’ యని ఎడమపాదమును ఎడమప్రక్కకును, ‘చా’ యని కుడిపాదమును దానిచెంతకును, ‘చా’ యని ఎడమపాదమును మఱల ప్రక్కకును వేయవలెను. ఇది పూర్వార్ధము. ఉత్తరార్ధమున కుడిపాదమును వెనుకకు వేసి, భారమును ఎడమపాదముపైకి తెచ్చి, ‘చా, చా, చా’ యని కుడి, ఎడమ, కుడి పాదములతో కుడిప్రక్కకు జరుగవలెను. ఎదుట నిలిచినవారు అద్దములోని ప్రతిబింబమువలె నుందురు. నడుపువారి ఎడమపాదము ముందునకు వచ్చునపుడు వారి కుడిపాదము వెనుకకు పోవును.

దీనిలోని లెక్కను చూడుడు. 1 + 1 + ½ + ½ + 1 = 4. దెబ్బలు నాలుగు, అడుగులు ఐదు. ఐదు బేసిసంఖ్య యగుటచే, ఎడమపాదముతో నారంభించినవారు ఎడమపాదముతోనే ముగించి, తరువాతి అర్ధమును కుడిపాదముతో ఎత్తుకొందురు. అడుగులు సరిసంఖ్య యైనచో ఎల్లప్పుడును ఒకే పాదముతో నారంభింపవలసి వచ్చును. కావున పాదము తప్పినపుడు కలతపడక, ఐదింటిలో ఏ యడుగున భారము మాఱలేదో వెదకుడు. తప్పు సాధారణముగా అచ్చటనే దొరకును.

పోటీలయందు ఈ నాట్యము నిమిషమునకు సుమారు 30 ఆవర్తముల వేగముతో సాగును. అనగా 120 దెబ్బలు. దెబ్బకు అర సెకండు, చిన్న ‘చా’కు పావు సెకండు మాత్రమే గలదు. అంతలో పెద్ద అడుగు వేయబూనినవారు తరువాతి దెబ్బకు వెనుకబడుదురు. కావున అడుగులు చిన్నవై యుండవలెను. మొదట గోడగడియారపు సెకండు నొకదానిని ఒక దెబ్బగా నెంచి, సగము వేగముతో అభ్యసింపుడు. ముందు చేతులతో చఱచి, పిదప నిలిచినచోటనే భారమును మార్చి, తుదకు అడుగులు వేయుడు. ఇంతవరకు జంటతో పనిలేదు. ఇంటి వసారాలో ఒంటరిగనే నేర్వవచ్చును.

జంటగా నిలిచినపుడు ఒకరినొకరు చేతులతో లాగరాదు. నడుపువారి శరీరభారము కదలుటయే ఎదుటివారికి సంజ్ఞ. ఆ కదలిక సందేహములేనిదైనచో ఎదుటివారికి మాటతో పనియుండదు.

తడబడు పాదమును చూచి నవ్వుట సులభము. ఆ పాదమునకు దెబ్బ వినబడుచున్నదా యని విచారించువారు అరుదు. హవానాలో ఒక స్వరకర్త అట్లు విచారించుటవలన, ప్రక్కన నిలిచియుండవలసిన వేలకొలది జనులు నాట్యమాడగలిగిరి. లెక్కలలోగాని చదువులోగాని వెనుకబడిన బాలుని గూర్చియు పెద్దలు ఇట్లే విచారింతురుగాక. పిల్లలు మాత్రము అంతవరకు వేచియుండక, నేడే చిన్న అడుగుతో నారంభింతురుగాక.