శ్వాసకోశములలోని సూక్ష్మ మార్గములు

ఊపిరి లోనికి పోవుట, వెలుపలికి వచ్చుట అందరెరిగినదే. నడుమ అది ఎంత ఇరుకైన దారులలో పయనించునో ఎరిగినవారు అరుదు.

కంఠము నుండి దిగిన వాయునాళము వక్షఃస్థలమున రెండుగా, ఆ రెండును నాలుగుగా, ఇట్లు సుమారు 23 పర్యాయములు చీలుచు పోవును. వేళ్లు పైన, కొమ్మలు క్రింద గలదని గీత పదునైదవ అధ్యాయమున చెప్పబడిన అశ్వత్థము ఇచట స్మృతికి రాక మానదు. ఈ శాఖలలో లోపలి వెడల్పు 2 మిల్లీమీటర్లకు తక్కువైన వానిని సూక్ష్మ వాయునాళములందురు. పెద్ద నాళములను మృదులాస్థి నిలిపియుంచును. వీనికి ఆ ఆధారము లేదు. డేరాను త్రాళ్లు నలుదెసల లాగి నిలిపినట్లు, చుట్టునున్న సాగెడు తంతువులే వీనిని తెరచియుంచును. వీని తుదల యందలి కోట్లకొలది గాలితిత్తులలోనే ప్రాణవాయువు రక్తమును చేరును.

ఇరుకు దారి గాలికి ఎక్కువ అడ్డు కావలెను గదా యని సందేహము కలుగవచ్చును. ఒక్కొక్క నాళము ఇరుకైనదే. కాని వేలకొలది నాళములు కలిసి ఏర్పరచు మార్గము మిక్కిలి విశాలము. పెద్ద కాలువలో వడిగా పారిన నీరు పిల్లకాలువలలో చీలి పొలమున మెల్లగా పరచుకొనినట్లు, ఇచట గాలి వేగము తగ్గును. శ్వాసమార్గపు మొత్తము నిరోధములో వీని వంతు స్వల్పమని మాక్లెమ్, మీడ్ అను శాస్త్రజ్ఞులు 1967లో తెలిపిరి. 1970లో మీడ్ ఈ భాగమును ‘నిశ్శబ్ద మండలము’ అనెను.

ఈ నిశ్శబ్దమే అపాయకరము. పొగాకు పొగ, కట్టెల పొయ్యి పొగ వలన నాళముల గోడలు వాచి, శ్లేష్మముతో పూడి, పెక్కు మూసుకొనిపోయినను మొదట ఆయాసము తోపదు. మెట్లెక్కునప్పుడు అది తెలియునప్పటికే నష్టము చాల జరిగియుండును. పొగత్రాగువారికి వచ్చు దీర్ఘకాలిక శ్వాసవ్యాధిలో, గాలితిత్తులు శిథిలమగుటకు ముందే ఈ నాళములు నశించుచున్నవని 2011లో వెలువడిన ఒక పరిశోధన సూచించినది. నశించినవి మరల మొలవవు. పొగ మానినచో మిగిలిన వానికి రక్షణ కలుగును.

పసిబిడ్డల నాళములు మరింత సన్ననివి గనుక కొద్దిపాటి వాపే వానిని మూయగలదు. స్నానమైన పిదప బిడ్డకు సాంబ్రాణి పొగ పట్టు అలవాటు గల ఇండ్లవారు ఇది గమనింపవలెను; ఆ పొగను శిశువు పీల్చకుండుట మేలు. జలుబు చేసిన శిశువు వడివడిగా ఊపిరి తీయుచు, డొక్కలెగురవేయుచు, పాలు త్రాగలేకున్నచో తక్షణమే వైద్యునికి చూపవలెను.

వంటింట పొగ పోవుటకు దారి యేర్పరచుట, పొగాకును విడుచుట గృహస్థునకు అసాధ్యములు కావు. కంటికి కనబడని ఈ దారులు మూసుకొనక ముందే వానిని కాచుకొనుట వివేకము.