పల్లెలో పెళ్లి ఫోటోలు తీయడం ఎలా?

వేసవి సెలవులు వస్తే మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామంది ఏదో ఒక పనికి వెళ్తారు. కొందరు క్యాటరింగ్‌కు, కొందరు టెంట్‌హౌస్‌కు, కొందరు ఫోటో స్టూడియోలకు. నేను డిగ్రీ చదివేటప్పుడు రెండు వేసవులు మండల కేంద్రంలోని ఒక స్టూడియోలో లైటు పట్టుకునే పని చేశాను. ఆ తర్వాత కెమెరా చేతికి వచ్చింది. ఇప్పుడు పీజీలో ఉన్నా ముహూర్తాల రోజుల్లో వెళ్తూనే ఉన్నాను. ఈ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికి వస్తుందని నాకు తెలిసినంత రాస్తున్నాను. నేను చెప్పేది తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా మన వాడల్లో జరిగే పెళ్లిళ్ల గురించి. ఫంక్షన్ హాలు పెళ్లి వేరే సంగతి.

పెళ్లి ఫోటో అందం కోసమే అనుకుంటాం గానీ దానికి ఇంకో రెండు ఉపయోగాలున్నాయి. ఒకటి, అది రుజువు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు వెళ్తే శుభలేఖతో పాటు పెళ్లి ఫోటో కూడా అడుగుతారు. రేపు ఏదైనా తగవు వచ్చి కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తే పెళ్లి జరిగిందని చూపడానికి అమ్మాయి చేతిలో ఉండేది తరచుగా ఆ ఆల్బమే. అందువల్ల పుస్తె కట్టే ఫోటోలో ఇద్దరి ముఖాలూ, పక్కన ఉన్న పెద్దల ముఖాలూ గుర్తుపట్టేలా ఉండాలి. ఎంత కళాత్మకంగా తీసినా ముఖం కనబడని ఫోటో అక్కడ పనికిరాదు.

రెండో ఉపయోగం ఎవరూ పైకి చెప్పరు. మన ఇళ్లలో గోడకు దండ వేసి ఉన్న ఫోటోలను ఒకసారి జాగ్రత్తగా చూడండి. అందులో చాలావరకు ఏదో ఒక పెళ్లి ఆల్బమ్‌లోంచి కత్తిరించి పెద్దవి చేయించినవే. మా నాయనమ్మ ఫోటో కూడా అంతే. మా బాబాయి పెళ్లిలో ఎవరి వెనకనో నిలబడి ఉంటే పడింది. ఎంత కత్తిరించినా ఎడమ పక్కన ఎవరిదో భుజం మిగిలిపోయింది. కూలికి పోయే ముసలివాళ్లు తమ కోసం స్టూడియోకు వెళ్లి ఫోటో దిగరు. వాళ్లు కెమెరా ముందుకు వచ్చేది పెళ్లిళ్లలోనే, అది కూడా వెనక వరుసలో.

అందుకే నా పద్ధతిలో మొదటి ఫోటో పెళ్లికూతురిది కాదు. పందిరి వేసే రోజు మధ్యాహ్నమే ఊరికి చేరుకుంటాను. ఇంట్లో పెద్దామెను పట్టుకుని మూడు సంగతులు అడుగుతాను. ఇంటికి పెద్దవాళ్లు ఎవరు? ఒంట్లో బాగాలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎవరి ఫోటో ఇప్పటిదాకా ఇంట్లో లేదు? ఆ పేర్లు చీటీ మీద రాసుకుంటాను. మరుసటి రోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, "అవ్వా, జర ఈ గడప కాడ కూసో" అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తీస్తాను. గడప దగ్గర వెలుతురు మెత్తగా పక్కనుంచి పడుతుంది, వెనక ఇంటి లోపలి చీకటి ఉంటుంది కాబట్టి ముఖం తేటగా కనిపిస్తుంది. ఫ్లాష్ అక్కర్లేదు. ఒక మనిషికి రెండు నిమిషాలు చాలు. ముహూర్తం హడావుడి మొదలయ్యాక ఈ పని ఎవరి వల్లా కాదు.

ఇక్కడే ఇంకో మాట. పెళ్లి మాట్లాడుకునే రోజునే అమ్మాయి వయసు తెలుసుకోవాలి. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. నిండకుండా పెళ్లి జరిపించినవాళ్లకు, సహకరించినవాళ్లకు కూడా శిక్ష ఉంది. బయానా వదులుకోవాల్సి వచ్చినా సరే, 1098కు ఒక ఫోను చేయాలి. పదో తరగతి తర్వాత కనబడకుండా పోయిన స్నేహితురాళ్లు మనలో చాలామందికి ఉన్నారు.

ఇక వెలుతురు సంగతి. మన పెళ్లిళ్లు ఎక్కువగా ఎండాకాలంలో, పట్టపగలు జరుగుతాయి. పచ్చని కొమ్మలతో వేసిన పందిరి కింద ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖాల మీద పడుతుంది. ఎరుపు, పసుపు గుడ్డ షామియానా అయితే ఆ రంగు మనుషులందరికీ అంటుకుంటుంది. దీనికి మందు ఒకటే. ముందుగానే పందిరి కింద పెళ్లిపీటల దగ్గర నిలబడి పెళ్లికొడుకు తెల్ల పంచెను ఫోటో తీసి, దాన్ని బట్టి కెమెరాలో వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోవాలి. పీటల మీద ఎండ చుక్కలు పడుతుంటే పైన ఒక తెల్ల దుప్పటి కట్టమని అడగాలి. అడిగితే ఎవరూ కాదనరు. ఫ్లాష్‌ను నేరుగా ముఖం మీద కొడితే పసుపు, నూనె, చెమట కలిసి మెరిసిపోతాయి. హాల్లో అయితే ఫ్లాష్‌ను స్లాబు వైపు తిప్పి కొట్టవచ్చు, పందిరికి స్లాబు ఎక్కడిది? ఒక థర్మాకోల్ షీటు పక్కన పట్టించి దాని మీదికి కొట్టాలి.

ముఖం రంగు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కెమెరాలోని మీటరు ఎదురుగా ఉన్నదంతా మధ్యరకం బూడిద రంగు, అంటే వెలుతురులో 18 శాతం తిప్పి పంపే రంగు, అనుకుని లెక్క వేస్తుంది. పందిరి బయట ఎండ తెల్లగా మండుతుంటే ఆ లెక్క ప్రకారం పందిరిలోని ముఖాలు నల్లగా వస్తాయి. అప్పుడు ఒక స్టాపు పెంచుకోవాలి. చర్చిలో తెల్ల చీర కట్టుకున్న పెళ్లికూతురికీ అంతే. చీకటి గోడ ముందు నల్లని మనిషిని తీస్తే మాత్రం మీటరు వెలుతురు ఎక్కువ చేసి ముఖాన్ని బూడిద పూసినట్లు చేస్తుంది. అక్కడ తగ్గించాలి. ఫిల్మ్ కాలంలో ఇంకో చిక్కు ఉండేది. కొడాక్ కంపెనీ ల్యాబుల్లో రంగులు సరిచూడటానికి షర్లీ కార్డు అనే నమూనా ఫోటో వాడేవారు. అందులో ఉండేది తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం సరిగా వస్తే రంగులన్నీ సరిగా ఉన్నట్లు లెక్క. వేర్వేరు రంగుల మనుషులతో కార్డులు వచ్చింది 1990లలో. అంటే అంతకాలం మనలాంటి రంగు ముఖాలు ఎవరి లెక్కలోనూ లేవు.

ఇప్పుడు కార్డు లేదు గానీ ఆ పనిని మన డిజైనర్లే చేస్తున్నారు. ఆల్బమ్ డిజైన్ చేసేటప్పుడు ముఖాలన్నిటికీ తెలుపు పూస్తారు. చేతులు ఒక రంగు, ముఖం ఇంకో రంగు. వెనక మంచు కొండలు. నాకు ఇది నచ్చదు. ఇంట్లోవాళ్లు కొందరు అడుగుతారు, నిజమే. అప్పుడు రెండు ప్రింట్లు వేసి చూపిస్తాను. ఒకటి తెలుపు చేసింది, ఒకటి పసుపు రంగు సరిగా తేలిన చామనఛాయ ముఖం. పక్కపక్కన పెడితే ఎక్కువమంది రెండోదే ఎంచుకుంటారు. వీళ్లకు తెలియదులే అని మనమే నిర్ణయించడం తప్పు.

ఆడవాళ్లు మాత్రమే ఉండే తంతులు కొన్ని ఉన్నాయి. మంగళస్నానం, నలుగు పెట్టడం మొదలైనవి. మగ ఫోటోగ్రాఫర్ అక్కడ బయటే ఆగాలి. హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ ఈ ఇబ్బంది గుర్తించి 1892లోనే స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళా ఫోటోగ్రాఫర్‌కు అప్పగించారు. మన పల్లెల్లో ఆ అవకాశం ఇంకా ఖాళీగానే ఉంది. గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్లు దీన్ని ఆలోచించాలి.

ముహూర్తం దగ్గరికి వద్దాం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, తెర తీసే క్షణం రెండూ ఒకేసారి వస్తాయి, మళ్లీ రావు. అప్పుడే అందరూ అక్షింతలు వేయడానికి ముందుకు వంగుతారు. ఎదురుగా నిలబడితే మనకు వీపులు తప్ప ఏమీ కనబడవు. తెరకు సరిగ్గా అంచున, పక్కనుంచి కూర్చుంటే రెండు ముఖాలూ ఒకేసారి దొరుకుతాయి. ఆ చోటును అయ్యగారితోనూ వీడియో తీసే అన్నతోనూ ముందే మాట్లాడి ఖాయం చేసుకోవాలి. షటర్ వేగం 1/250కి తగ్గకూడదు. తలంబ్రాలకు ఇంకా పెంచాలి, లేకపోతే బియ్యం గింజలు గీతల్లాగా వస్తాయి. పుస్తె చేతిలో పట్టుకున్న పెళ్లికొడుకును "అన్నా, అట్లనే ఆగు, ఇటు చూడు" అని ఆపే అలవాటు మాత్రం మానుకోవాలి. ముహూర్తం నిమిషాల లెక్క. పైగా ఆగి చూసిన ఫోటోలో ఇద్దరూ బొమ్మల్లా ఉంటారు. మూడో ముడి వేసేటప్పుడు వేళ్లు వణుకుతాయి, అమ్మాయి తల్లి కళ్లు తుడుచుకుంటుంది. అది తీయాలి.

వదిలేయవలసినవి కూడా ఉన్నాయి. కట్నాలు రాసే నోటుబుక్కును దగ్గరగా తీయవద్దు, ఎవరు ఎంత ఇచ్చారనేది ఇంటి గుట్టు. బంతిలో నోట్లో ముద్ద పెట్టుకుంటున్న మనిషిని తీయవద్దు. అప్పగింతల్లో ఏడుపు మీద లైటు వేయవద్దు, దూరం నుంచి ఒకటి రెండు చాలు.

తప్పక తీయవలసినవి, ఆల్బమ్‌లో ఎప్పుడూ లేనివి చెబుతాను. ఐరేని కుండలు తెచ్చే ఆడవాళ్లు. తెల్లవారుజామున గుండిగల కింద మంట పెట్టే వంటవాళ్లు. బరాత్‌కు ముందు డప్పులు కాచుకునేవాళ్లు. గడ్డి మంట చుట్టూ డప్పులు పట్టి చర్మాన్ని బిగువు చేసుకుంటుంటే ఆ వెలుతురు కిందినుంచి ముఖాల మీద పడుతుంది. ఫ్లాష్ ఆపేసి, 50 ఎంఎం లెన్సు ఎఫ్ 1.8 దగ్గర, ఐఎస్ఓ 3200, షటర్ 1/60 పెట్టి తీస్తే ఆ రాత్రి మొత్తంలో దానికి మించిన ఫోటో ఉండదు. పెళ్లంతా వాళ్ల చప్పుడు మీదే నడుస్తుంది, ఆల్బమ్‌లో మాత్రం వాళ్లు ఉండరు.

ఇంటికి వచ్చాక నిద్రపోకముందే ఫోటోలను రెండు చోట్ల కాపీ చేసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. కాబట్టి అడగకుండా పెళ్లికూతురి ఫోటోను స్టూడియో అద్దంలో పెట్టడానికీ, ఫోనుల్లో పంచడానికీ మనకు హక్కు లేదు. గడప దగ్గర తీసిన పెద్దవాళ్ల ఫోటోలు ఫోనుకు పంపితే చాలదు, ఫోను మారితే అవీ పోతాయి, కాగితం మీద ప్రింటు వేసి ఇవ్వాలి. డప్పు కొట్టినవాళ్లకు, వంటవాళ్లకు వేసిన ప్రింట్లను పెళ్లివారి చేతికి ఇస్తే చాలాసార్లు బీరువాలోనే ఉండిపోతాయి. ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్లిన రోజే వాళ్ల ఇళ్లు అడిగి తెలుసుకుని, మనమే వెళ్లి ఇచ్చి రావాలి.